పాత్ర ఎవరిది?

మన భాషలో 'పాత్ర' అను మాటకు రెండర్థములు కలవు. నీరు పోసి ఉంచు గిన్నె పాత్ర. నాటకములోని రాజును, నాయికయు కూడ పాత్రలే. దానినుండి పుట్టిన 'పాత్రత' యోగ్యతను తెలుపును. దానము చేయునప్పుడు పుచ్చుకొనువాని పాత్రాపాత్రములు విచారింపవలెనని పెద్దలు చెప్పుదురు. నాటకసమాజములలో వేషములు పంచు దినమున ఈ అర్థములన్నియు ఒక్కచోట కూడుకొనును. ఎవరికి ఏ వేషమను ప్రశ్న పైకి ఏర్పాట్ల సంగతివలె కనిపించును. లోపల మాత్రము అది యోగ్యతను గూర్చిన తీర్పు.

బాలేలో ఈ తీర్పునకు మరింత పదును కలదు. అందు మాట లేదు. నర్తకి శరీరమే వాక్యము, అదియే వ్యాఖ్యానము. నృత్యరచయిత ఒక పాత్రను ఖాళీ గదిలో కూర్చుండి కల్పింపడు. ఎదుట నిలిచిన ఒకానొక మనిషి వెన్ను వంగు తీరును, చేయి లేచు తీరును చూచి కల్పించును. అట్లు ఒకరి శరీరముపై పుట్టిన పాత్రను తొలి ప్రదర్శనమున వేరొకరు ధరించినప్పుడు, ఆ పాత్ర ఎవరిదను సందేహము కలుగును. అట్టి ఉదంతములలో మిక్కిలి పేరుకెక్కినది లండనులో 1965లో జరిగినది. రచయితలమైన మనము తలపోయదగినది అందు కొంత కలదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1965 ఫిబ్రవరి 9వ తేదీన, కోవెంట్ గార్డెనులోని రాయల్ ఆపెరా హౌసులో, రాయల్ బాలే సంస్థ 'రోమియో అండ్ జూలియట్'ను ప్రదర్శించెను. సంగీతము ప్రొకోఫియెవ్‌ది. రంగాలంకరణ నికోలస్ జార్జియాడిస్‌ది. నృత్యరచన కెన్నెత్ మెక్మిలన్‌ది. అతనికి అప్పటికి 35 ఏండ్లు. మూడంకముల బాలేను కూర్చుట అదే మొదలు. జూలియట్‌గా మార్గో ఫాంటేన్, రోమియోగా రుడాల్ఫ్ నురేయెవ్ నర్తించిరి. తెర పడిన పిమ్మట నలువది నిమిషములు కరతాళధ్వనులు ఆగలేదనియు, వారు 43 సార్లు ప్రేక్షకుల ముందునకు రావలసివచ్చెననియు చెప్పుదురు. ఆ కృతిని గూర్చిన ఏ గ్రంథమును తిరుగవేసినను తొలి పాత్రధారుల చోట ఈ రెండు పేర్లే కనబడును. గ్రంథములు అబద్ధమాడుట లేదు. కాని ఆ అడుగులు ఆ ఇద్దరికొరకు పుట్టినవి కావు.

లిన్ సీమోర్ 1939లో కెనడా దేశమున ఆల్బర్టా రాష్ట్రములో జన్మించెను. యౌవనారంభముననే లండను వచ్చి అచ్చటనే నృత్యము నేర్చి సంస్థలో చేరెను. బాలే నర్తకి అనగానే మనకు స్ఫురించు సన్నని, నిటారు ఆకృతి ఆమెది కాదు. ఆమెలో ఉన్నది ప్రవాహము; ఒక కదలిక ఎచ్చట ముగిసి మరియొకటి ఎచ్చట మొదలగునో చెప్పరాదు. మెక్మిలన్ ఆమెలో తనకు కావలసిన మనిషిని చూచెను. 1960లో 'ది ఇన్విటేషన్' అను బాలేలో ఆమెకును, క్రిస్టఫర్ గేబుల్ అను యువనర్తకునకును పాత్రలు కల్పించెను. దౌర్జన్యమునకు గురియైన ఒక బాలిక కథ అది. ఇంగ్లండు బాలే రంగము అంతకుముందు అంత చేదును రుచి చూచియుండలేదు.

రోమియో కథకు అప్పటికే గొప్ప కూర్పులుండెను. 1956లో మాస్కోనుండి బొల్షోయ్ బాలే తొలిసారి లండను వచ్చినప్పుడు, లావ్రోవ్‌స్కీ కూర్చిన రోమియోలో గలీనా ఉలనోవా జూలియట్‌గా నర్తించి నగరమును ముగ్ధము చేసెను. 1962లో స్టుట్‌గార్ట్‌లో జాన్ క్రాంకో తన కూర్పును ప్రదర్శించెను. ఈ రెంటి నీడలోను నిలిచి, మెక్మిలన్ మొదట కెనడా టెలివిజను కొరకు సీమోర్‌కును గేబుల్‌కును బాల్కనీ ఘట్టము నొక్కదానిని కూర్చెను. ఆ విత్తనమునుండియే మూడంకముల వృక్షము మొలచినది. సంస్థకు అప్పుడు దర్శకుడైన ఫ్రెడెరిక్ ఆష్టన్ అందుకు అనుమతించెను.

మెక్మిలన్ జూలియట్ చంద్రకాంతిలో కరగిపోవు కన్య కాదు. కథను నడుపునది ఆమెయే. పట్టుదల ఆమెది, తొందర ఆమెది. మూడవ అంకములో ఒక ఘట్టమున్నది. రోమియో వెళ్లిపోయినాడు, తల్లిదండ్రులు వేరొకనితో వివాహము నిశ్చయించినారు. ఆమె మంచపు అంచున కూర్చుండి, రెండు పాదములు నేలకు ఆనించి, ఎదుటికి చూచుచుండును. వాద్యబృందము సముద్రమువలె పొంగును, ఆమె కదలదు. నర్తకిని కదలనీయక, సంగీతము మాత్రమే ఆమె మనస్సులో తిరుగుచున్నట్లు చూపుటకు నృత్యరచయితకు ఎంత ధైర్యము కావలెను! ఎదుట ఆ నర్తకియే లేకున్నచో అతనికి ఆ ఊహ తట్టియుండెడిదా? తట్టదని నా నమ్మకము. అట్లే చివర సమాధిలో రోమియో ఆమె కళేబరమును ఎత్తి నర్తింప యత్నించును. కాలుసేతులు వ్రేలాడును, తల వాలిపోవును. అందమునకు అలవాటుపడిన కళలో మృత్యువును మృత్యువుగా చూపవలెననునది అతని పంతము.

మొదటి రాత్రి మాత్రము ఆ ఇద్దరికి దక్కలేదు.

కారణములు అర్థము కానివి కావు. నురేయెవ్ 1961లో పారిస్‌లో సోవియట్ బృందమును విడిచి వచ్చెను. మరుసటి ఏడాది ఫాంటేన్‌తో కలిసి 'జిసెల్' నర్తించిన నాటినుండి ఆ జంటకు ప్రపంచమంతట టికెట్లకై జనము బారులు తీరుచుండిరి. సంస్థ ఆ ఏడాదియే అమెరికా పోవలసియుండెను. ఆ యాత్రలు నడిపించు సాల్ హ్యురాక్ అను వ్యాపారికి కావలసినవి ఆ రెండు పేర్లు. కొత్త రచయిత తొలి పెద్ద కృతిని, అంతగా పేరెరుగని జంటతో, న్యూయార్కులో ఎవరు కొనగలరు? మన ప్రకాశకులు కొత్త నవలకు పెద్దల పీఠిక కోరునట్టిదే ఈ లెక్క. పీఠికవలన పుస్తకము అమ్ముడుపోవుటయు కద్దు, కాదనను.

ఫాంటేన్‌ను ఈ కథలో ప్రతినాయికగా నిలుపుట అన్యాయము. ఆమె 1919లో పుట్టినది. అప్పటికి 45 ఏండ్లు. అంతకు ముందటి జూనులోనే పనామాలో ఆమె భర్త తుపాకి గుండ్లు తగిలి పక్షవాతమునకు లోనయ్యెను. ఆయన చికిత్సయు, పోషణయు ఆమె కాళ్లమీదనే ఆధారపడియుండెను. ఇక జూలియట్‌కు ఆ వయస్సు తగదందురా, 1956లో లండనును ఏడ్పించిన ఉలనోవాకు 46. బాలేలో పదునాలుగేండ్ల పిల్ల కనిపించుట చర్మమునుబట్టి కాదు. పాల్ జిన్నర్ 1966లో విడుదలచేసిన చలనచిత్రములో ఫాంటేన్ జూలియట్‌ను నేను చూచితిని. తప్పులు వెదకవలెనని పట్టుబట్టి కూర్చుంటిని. బాల్కనీ ఘట్టము వచ్చునప్పటికి ఆ పని మరచితిని. ఆమెలో ఎంతటి నిర్మలత్వము! కాని ఆమె దుఃఖమును సైతము అందముగా దుఃఖించును. మెక్మిలన్ కోరిన మొరటుదనము ఆ శరీరమునకు తెలియదు. అది లోపమనరాదు, మరియొక సంప్రదాయము.

మరి అన్యాయమెచ్చట? సీమోర్ ఈ పాత్రకొరకు ఇచ్చిన మూల్యమును గూర్చి ఆమెయే తరువాతి కాలమున ఆత్మకథలో వ్రాసికొనెను. కూర్పు సాగుచుండగా తాను గర్భవతినని ఆమెకు తెలిసెను. జూలియట్‌ను విడువలేక గర్భమును తొలగించుకొనెను. మొదటి రాత్రి తనది కాదను సంగతి అటుపిమ్మట వచ్చినది. ఆమె దేహముపై పుట్టిన అడుగులను ఇతర జంటలు నేర్చుకొనెను. ఆమెయు గేబులును తరువాతి ప్రదర్శనములలో తమ వంతు వచ్చినప్పుడు నర్తించిరి.

నేను అనువాదకుడను. మూలగ్రంథము నా బల్లమీద ఉండును. నా అనువాదము చెడినను మూలము చెడదు. రేపు మరియొకడు దానినే తెరచి నాకంటె బాగుగా చేయవచ్చును. ఆ ధైర్యమే మావంటివారిని బ్రతికించుచున్నది. బాలేకు ఆ బల్ల లేదు. ఐదు గీతలమీద నృత్యమును గుర్తించు బెనేష్ లిపి 1950లలోనే వెలువడిన మాట నిజమే, రాయల్ బాలే దానిని వాడుకలోనికి తెచ్చిన మాటయు నిజమే. ఐనను ఆ లిపిలో పాదము ఎచ్చట ఉన్నదో తెలియును గాని, అది అచ్చటికి ఏల పోయెనో తెలియదు. ఆ 'ఏల' అనునది ఒక నర్తకి మరియొక నర్తకికి చేతులు పట్టి చెప్పవలసినదే. మన గురుకులములలో పాఠము నోటినుండి చెవికి నడచినట్లు, ఇచ్చట దేహమునుండి దేహమునకు నడచును. కావున తొలి నర్తకి మూలగ్రంథమునకు పాఠకురాలు కాదు, అందులో భాగస్వామిని. ముద్రణ వేళ ఒక సహరచయిత పేరును తీసివేసి, ఆ చోట ప్రసిద్ధుడైన పాఠకుని పేరు వేసినట్లయితే మనమేమందుము? 1965లో జరిగినది దానికి దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయము. ఫాంటేన్ నర్తించుట తప్పు కాదు. 'ప్రథమ' అను ఒక్క మాట ఆమె పేరుతో ముడిపడుట నాకు కొరుకుడు పడదు.

ఇట్టివి అంతకుముందు జరుగకపోలేదు. చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' 1877 మార్చి 4న మాస్కోలో మొదట తెరకెక్కినప్పుడు నాయిక పెలగేయా కర్పకోవా. ఆ నాటకశాలలో ప్రథమ నర్తకియైన అన్నా సొబెష్చాన్‌స్కాయాకు నాలుగవ ప్రదర్శనమున గాని ఆ వేషము రాలేదు. ఒక ఉన్నతాధికారితో నగల విషయమున వచ్చిన తగవే కారణమని ఒక కథ ప్రచారములో ఉన్నది. ఆమె ఊరకుండక పీటర్స్‌బర్గు పోయి, మింకుస్ సంగీతముతో పెతిపాచేత తనకొక యుగళనృత్యమును కూర్పించుకొని వచ్చెను. తన బాలేలో పరాయి సంగీతమా అని చైకోవ్‌స్కీ కినిసి, ఆ అడుగులకు సరిపోవునట్లు కొలత తప్పక కొత్త సంగీతము వ్రాసి ఇచ్చెను. ఒక నర్తకి అలుకనుండి పుట్టిన ఆ సంగీతమునే 1960లో బాలన్‌షీన్ స్వతంత్ర నృత్యముగా మలచెను.

1910లో పారిస్‌లో 'ఫైర్‌బర్డ్' కథ దీనికి తలక్రిందులు. స్ట్రావిన్‌స్కీ సంగీతము రుచింపక అన్నా పావ్లోవా ఆ వేషమును కాదనగా, అది తమారా కర్సావినాకు దక్కి ఆమె కీర్తికి పునాది అయ్యెను. పావ్లోవా పేరు వచ్చినది కనుక మరియొక ముక్క. 1923లో కోవెంట్ గార్డెనులోనే ఆమె 'రాధాకృష్ణ' నృత్యమున తాను రాధయై, కృష్ణ వేషమునకు లండనులో చిత్రలేఖనము చదువుకొనుచున్న ఒక భారతీయ విద్యార్థిని ఎన్నుకొనెను. ఆ విద్యార్థి ఉదయశంకర్. నృత్యము వృత్తిగా లేని యువకునకు ప్రపంచప్రసిద్ధ నర్తకి సరసన వేషమిచ్చుట ఏ వ్యాపారి లెక్కకును అందదు. పాత్రత ఎరిగి చేసిన దానమన్న అది!

తిరిగి మన కథకు వచ్చెదము. మెక్మిలన్ 1966లో లండను విడిచి పశ్చిమ బెర్లిను నృత్యసంస్థకు దర్శకుడై పోయెను. సీమోర్ అతనివెంట వెళ్లెను. గేబుల్ మరుసటి ఏడాది నృత్యమును వదలి నటనలోనికి దిగెను. ఒక్క నాటి ప్రకటనమే వీరిని చెదరగొట్టినదనుట అతిశయోక్తియగును. గేబుల్‌కు పాదముల బాధ కూడ ఉండెను. ఐనను ఆ గాయము లేనిచో వారింత త్వరగా పోయియుండరని తోచును. మెక్మిలన్ 1970లో రాయల్ బాలే దర్శకుడై తిరిగివచ్చెను. 1978లో 'మేయర్లింగ్' కూర్చినప్పుడు మేరీ వెట్సెరా పాత్రను సీమోర్‌కొరకే కల్పించెను. ఈమారు మొదటి రాత్రియు ఆమెదే. అంతకు రెండేండ్లముందు ఆష్టన్ కూడ తుర్గేనెవ్ నాటకము ఆధారముగా 'ఎ మంత్ ఇన్ ది కంట్రీ' కూర్చి నాయిక పాత్రను ఆమెపైననే మలచెను. 1965లో దర్శకుని కుర్చీలో కూర్చున్నది ఆ ఆష్టనే. అది పరిహారమో, యాదృచ్ఛికమో నేను నిర్ణయింపజాలను.

తరువాతి కాలమున మెక్మిలన్ ప్రముఖ పాత్రలకు మిక్కిలి చిన్నవారిని ఏరికొనుచుండెను. అలెసాండ్రా ఫెర్రి ఇరువదియొక్క ఏండ్లు నిండునంతలోనే అతని జూలియట్‌గా పేరుపొందెను. 1989లో 'ది ప్రిన్స్ ఆఫ్ ది పగోడాస్' ప్రధాన పాత్రను ఇరువదేండ్ల డార్సీ బసెల్‌కు ఇచ్చెను. సంస్థలో పెద్దలు లేక కాదు. అతడు 1992 అక్టోబరులో, 'మేయర్లింగ్' ఆడుచుండగా, ఆ ఆపెరా హౌసు తెరవెనుకనే కన్నుమూసెను. సీమోర్ 2023 మార్చి 7న, 84వ జన్మదినమునకు ఒక్క దినము ముందు మరణించెను.

రాయల్ బాలే ఈ కృతిని మరల ఎత్తుకొనునప్పుడెల్ల, రాబోవు ప్రదర్శనముల పట్టికలో జూలియట్‌గా తొలిసారి అడుగుపెట్టు ఒకరిద్దరి పేర్లుండును. రసికులు మొదట వెదకునది ఆ పేర్లనే. ఆ అమ్మాయిలందరును ఏదో యొక రాత్రి మూడవ అంకములో ఆ మంచపు అంచున కూర్చుండవలసినవారే. 2016లో న్యూయార్కులో ఫెర్రి ఒక్క సాయంకాలమునకై ఆ పాత్రకు తిరిగివచ్చెను. అప్పటికి ఆమె వయస్సు 53. పాదములు నేలకు ఆనించి, ఎదుటికి చూచుచు, ఆమెయు కదలక కూర్చుండెను.