జైసల్మేరు: రాళ్ళు చెప్పని చరిత్ర

జైసల్మేరు కోటను 1156లో రావల్ జైసల్ కట్టించాడు. ఆ పసుపురాయి పొద్దుటి ఎండకు నిజంగానే బంగారంలా ఉంటుంది. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన 'సోనార్ కెల్లా' ఆ బంగారానికి ఇంకాస్త మెరుగుపెట్టింది. మా గైడు రెండు గంటలసేపు రాళ్ళను గురించే చెప్పాడు.

తాగే నీటికే కటకటలాడే థార్ ఎడారి అంచున ఇంత సంపద ఎలా పోగుపడింది? సింధుకూ, ఆపై పడమటి దేశాలకూ పోయే ఒంటెల బిడారులు ఇక్కడ ఆగేవి. రాజుకు సుంకం, సేట్లకు లాభమూ వడ్డీ. 19వ శతాబ్దంలో పట్వాల కుటుంబం కట్టించిన అయిదు హవేలీల ముందు, గవాక్షాల నగిషీ చూసి నేనూ నోరు తెరిచాను, దాచను. అయితే కంపెనీ కళ్ళుగప్పి మాళవ నల్లమందు కరాచీ రేవుకు పోయింది కూడా ఈ దారినే. "శిల్పకళా వైభవం" మీద వ్యాసాలు రాసే మన పండితులకు ఈ సంగతి రుచించదు. 1843లో ఇంగ్లీషువారు సింధును కాజేయడంతో ఆ సరుకు బొంబాయి దారి పట్టింది. రేవులూ రైళ్ళూ బిడారుల పొట్టకొట్టాయి. 1947 సరిహద్దు ఆ పాత బాటను మూసేసింది.

ఊరికి కొద్ది దూరంలో కుల్‌ధరా ఉంది. పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దంలో వదిలిపోయిన ఊరు. వాననీటికి కట్ట అడ్డం వేసి, నేలలో ఇంకిన తేమతోనే గోధుమా శనగా పండించే 'ఖడీన్' పద్ధతి వాళ్ళది. దివాను సాలిం సింగు ఒక పిల్లను కోరాడనీ, ఒక్క రాత్రిలో ఊళ్ళన్నీ లేచిపోయాయనీ కథ. గైడు దానికి దయ్యాలను కూడా జతచేశాడు. పన్నులూ ఎండిన బావులూ చాలవా, ఊరు విడిచిపోవడానికి?

నేను అసలు వెళ్ళింది సాగర్‌మల్ గోపా కోసం. ఈ ఊరివాడే. మహారావల్ పాలనను ఎండగడుతూ 'జైసల్మేర్ కా గుండారాజ్' అనే పుస్తకం రాశాడు. తండ్రి పోయాక ఊరికి వస్తే 1941లో పట్టుకుని జైల్లో వేశారు. చిత్రహింసలు పెట్టారు. 1946 ఏప్రిల్లో ఆ జైల్లోనే ఒళ్ళు కాలి చనిపోయాడు. ఆత్మహత్య అంది ప్రభుత్వం. కిరసనాయిలు పోసి తగలబెట్టారన్నారు జనం. నిజాం జైలులో దాశరథి ఉన్నాడని పాఠం చెప్పుకునే మనం గోపా పేరు వినకపోవడం ఏమిటి?

తిరిగి వచ్చేటప్పుడు గైడును ఆయన సంగతి అడిగాను.

"గోపా చౌకేనా? కోట గుమ్మం ఎదుటే. ఆటోలు అక్కడే దొరుకుతాయి" అన్నాడు.