కరెంటు పోయాక మిగతా కథ

సూర్యాపేటలో మా ఇంట్లో ‘కెప్టెన్ వ్యోమ్’ చూడడమంటే సగం చూడడమే. కేతన్ మెహతా తీసిన ఆ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 1998లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చేది. మాకేమో బళ్ళో చెప్పినంత హిందీయే వచ్చు. దానికి తోడు అంతరిక్షనౌక ఎవరినో తరుముతుండగా సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. సెలవులకి కోదాడ నుంచి వచ్చిన మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, ఆ చీకట్లో మిగతా కథ చెప్పేది. ఆమె కథలో ప్రతిసారీ వ్యోమ్‌కి జ్వరమొచ్చేది. మిలింద్ సోమన్ దుప్పటి కప్పుకుని పడుకుంటే, నౌకని ఒక అమ్మాయి నడిపేది. ఆ అమ్మాయికి పేరు లేదు. కొన్నాళ్ళకి వదిన దాన్ని లాంగు నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టింది.

ఇది మా ఇంట్లో పిల్లల ఆట అనుకున్నాను. ప్రపంచంలో ఇంకెక్కడో, ఇంతకు ముప్పై ఏళ్ళ ముందు, చదువుకున్న ఆడవాళ్ళు ఇదే పని చేశారని హైదరాబాదులో పరిశోధనకి చేరాక గానీ తెలియలేదు.

వాళ్ళు పట్టుకున్న సీరియల్ ‘స్టార్ ట్రెక్’. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌లో 1966 సెప్టెంబర్ 8న మొదలై, 79 ఎపిసోడ్లు నడిచి, 1969 జూన్ 3న ఆగిపోయింది. దాని తొలి నమూనా ఎపిసోడ్‌లో నౌకకి ఉపనాయకురాలు ఒక స్త్రీ. ‘నంబర్ వన్’ అనే ఆ పాత్రని తర్వాత తీసేశారు. దాన్ని వేసిన నటి మేజెల్ బారెట్ సీరియల్‌లోకి మళ్ళీ వచ్చింది, ఈసారి నర్సుగా. ఇక చివరి ఎపిసోడ్ ‘టర్నెబౌట్ ఇంట్రూడర్’ చూడండి. నౌకకి కెప్టెన్ అయ్యే దారి తనకి మూసేశారన్న కసితో జానిస్ లెస్టర్ అనే శాస్త్రవేత్త కెప్టెన్ కిర్క్ శరీరంలోకి మారుతుంది. కుర్చీలో కూర్చున్న కాసేపటికే ఆమెకి ఉన్మాదం పట్టినట్టు చూపించారు. అందరు ఆడవాళ్ళలా నిండుగా బతికి ఉండొచ్చు కదా అని కిర్క్ ఆమె మీద జాలిపడతాడు. సీరియల్ అక్కడితో సరి. సమాన భవిష్యత్తు చూపిస్తామని మొదలుపెట్టిన కథ ఆడదాని ఆశని పిచ్చిగా చూపించి ముగిసిందన్నమాట.

కొనసాగింపులు మాత్రం సీరియల్ నడుస్తుండగానే మొదలయ్యాయి. 1967లో డెవ్రా లాంగ్సమ్, షెర్నా కామర్‌ఫోర్డ్ అనే ఇద్దరు స్త్రీలు ‘స్పాకనాలియా’ అనే పత్రిక తెచ్చారు. పూర్తిగా ఈ సీరియల్ కోసమే వచ్చిన మొదటి ఫ్యాన్‌జైన్ అది. ఫ్యాన్‌జైన్ అంటే మన కాలేజీల్లో తెచ్చిన లిఖిత పత్రికకీ, పార్టీ కరపత్రానికీ మధ్యరకం. టైపు మిషన్ మీద స్టెన్సిల్ కొట్టి, సైక్లోస్టైల్ తీసి, పిన్ను కొట్టి, పోస్టులో పంపడం. కాగితం ఖర్చు, స్టాంపుల ఖర్చు వస్తే చాలు. సైక్లోస్టైల్ సిరా చేతికి అంటితే ఎంతసేపు వదలదో ఈ పత్రిక పాఠకుల్లో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాదే సీరియల్‌ని ఆపేస్తారని తెలిసినప్పుడు బిజో ట్రింబుల్, ఆమె భర్త జాన్ కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చాయి. 1968 మార్చిలో సీరియల్ కొనసాగుతుందని ఛానెలే తెర మీద ప్రకటించుకోవాల్సి వచ్చింది.

ప్రేక్షకులు కథని పొడిగించమని పట్టుబట్టడం మనకీ కొత్త కాదు. 1988లో ‘రామాయణ్’ సీరియల్ పట్టాభిషేకంతో ఆగిపోతే, ఉత్తరకాండ కూడా చూపించాలని జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. అది ఇంకా ఎన్నో ఊళ్ళకి పాకింది. దూరదర్శన్ దిగొచ్చింది. అయితే ఇవి రెండూ అడిగి తెచ్చుకున్న కొనసాగింపులు. అడగకుండా రాసుకున్నవి వేరు. నాకు ముఖ్యమైనవి అవే.

అమాండా సంగతి చెప్తాను. స్టార్ ట్రెక్‌లో స్పాక్ తల్లి ఆమె. భూమి మీద టీచరుగా పనిచేసి, వల్కన్ గ్రహపు రాయబారిని పెళ్ళి చేసుకుని, భావోద్వేగాలు చూపించడమే తప్పయిన లోకంలో కాపురం చేసింది. తండ్రీ కొడుకులకి 18 ఏళ్ళుగా మాటల్లేవు. మధ్యలో ఈమె. ఇంత బతుకున్న మనిషికి ఆ సీరియల్ ఇచ్చింది 1967లో ఒక్క ఎపిసోడ్. జీన్ లోరా అనే ఇంగ్లీషు అధ్యాపకురాలికి ఆ ఒక్క ఎపిసోడ్ చాలింది. ఆ దంపతుల పెళ్ళి, సంసారం కథావస్తువుగా 1976లో ‘ది నైట్ ఆఫ్ ద ట్విన్ మూన్స్’ రాసి, ఫ్యాన్‌జైన్‌గా వేసింది. నక్షత్రాల మధ్య యుద్ధాలు పక్కకి జరిగి, మొగుడూ పెళ్ళాల మధ్య మాట్లాడుకోవాల్సిన విషయాలు ముందుకొచ్చాయి.

అది చదువుతుంటే నాకు ఊర్మిళ గుర్తురాకుండా ఎలా ఉంటుంది? వాల్మీకి ఒకటి రెండు చోట్ల ప్రస్తావించి వదిలేసిన ఊర్మిళని తెలుగు ఆడవాళ్ళ పాట పధ్నాలుగేళ్ళు నిద్రపుచ్చింది. లక్ష్మణుడు తిరిగొచ్చి తట్టి లేపితే, ఎవడో పరాయివాడనుకుని, పరస్త్రీని ఆశించిన ఇంద్రుడికీ రావణుడికీ ఏ గతి పట్టిందో వల్లించి హెచ్చరిస్తుంది. అంతకాలం తర్వాత వచ్చిన భర్తతో ఆమె మొదటి మాటలు అవి! మరో పాటలో శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటుంది. ఆయన కాలి బొటనవేలు తప్ప చూడలేదంటుంది సీత. ఆ బొటనవేలే గీస్తుంది, మిగతాది శూర్పణఖ పూర్తి చేస్తుంది. ఆ బొమ్మ మూలంగా రాముడు సీతని చంపమంటే, అంతఃపురంలోని ఆడవాళ్ళంతా సీత పక్షాన నిలబడతారు. ఈ పాటల మీద వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన ‘మెనీ రామాయణాస్’లో ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పాటలు నేను పుస్తకంలో చదువుకున్నవే. అవి ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ళ పెరటి పాటలని నారాయణరావే రాశారు. మిర్యాలగూడ దగ్గర నాట్లకి పోయిన మా అమ్మమ్మ పాడింది వేరే సీతని. ఆ సీత ఎక్కువగా పని చేస్తూ ఉండేది. అలాగే అక్కడ టైపు మిషను, తీరిక, పోస్టు ఖర్చు ఎవరికి ఉండేవి? ఎక్కువగా మధ్యతరగతి తెల్ల స్త్రీలకి. నిషెల్ నికోల్స్ నటించిన నల్లజాతి అధికారిణి ఉహురా మొదటినుంచీ ఆ నౌకలోనే ఉంది. అభిమానుల లోకంలో జాతి వివక్షని రుక్మిణి పాండే 2018లో ‘స్క్వీ ఫ్రమ్ ద మార్జిన్స్’లో నిలదీసేదాకా, మనలాంటి వాళ్ళం కూడా దాన్ని ‘ఆడవాళ్ళ లోకం’ అని ఒకే ముద్దగా మెచ్చుకుంటూ వచ్చాం.

మేరీ స్యూ గురించి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. 1973లో పాలా స్మిత్ అనే రచయిత్రి ‘మెనాజరీ’ ఫ్యాన్‌జైన్‌లో చిన్న వెక్కిరింత కథ రాసింది. పదిహేనున్నరేళ్ళ లెఫ్టినెంట్ మేరీ స్యూ అందరికన్నా చిన్నది, అందరికన్నా తెలివైనది. అందరూ జబ్బుపడితే నౌకని తనే నడుపుతుంది. చివరికి అందరూ ఏడుస్తుండగా చచ్చిపోతుంది. తోటి రచయిత్రులని సరదాగా గిల్లడానికి రాసిన కథే. కానీ ఆ పేరు కొరడా అయింది. కథలో ఏ అమ్మాయి కాస్త సమర్థంగా కనిపించినా ‘ఇది మేరీ స్యూ’ అనడం మొదలైంది. రచయిత్రులు తమ కథల్లోంచి ఆడపాత్రలనే తీసేసుకునేంతగా ఆ భయం పట్టుకుందని కామిల్ బేకన్‌స్మిత్ ‘ఎంటర్‌ప్రైజింగ్ విమెన్’ (1992)లో రాసింది. కిర్క్ అన్నీ గెలిస్తే మాత్రం అది హీరో లక్షణం. మా వదిన కథలో వ్యోమ్ జ్వరం గుర్తొచ్చి నాకు నవ్వూ, కోపమూ వచ్చాయి.

నా సిద్ధాంత గ్రంథంలో దీనికి ఒక అధ్యాయం కేటాయించాలనుకున్నాను. ‘అది సాహిత్యమా, అమ్మా?’ అన్నారు ఒక పెద్దమనిషి. మాట కటువుగా లేదు, దయగానే ఉంది. అధ్యాయం తీసేశాను. ఇప్పటికీ అందుకు నన్ను నేను క్షమించుకోలేదు.

2000 తర్వాత వీడియో కెమెరాలు చవకై అభిమానులు సినిమాలే తీశారు. జేమ్స్ కాలీ ‘న్యూ వాయేజెస్’, 2013 నుంచి 2017 దాకా వచ్చిన ‘స్టార్ ట్రెక్ కంటిన్యూస్’ పాత సెట్లని మేకు మేకుగా మళ్ళీ కట్టి, ఆగిన కథని నడిపాయి. శ్రమని తక్కువ చేయను. ‘ఆక్సనార్’ అనే సినిమాకి అభిమానుల చందాలే పది లక్షల డాలర్లు దాటాయి. 2015 డిసెంబర్‌లో పారామౌంట్, సీబీఎస్ కోర్టుకెక్కాయి. 2016లో నిబంధనలు వచ్చాయి: ఒక భాగం 15 నిమిషాలు, రెండు భాగాలకి మించకూడదు, చందా 50 వేల డాలర్లు దాటకూడదు. అభిమానుల కొనసాగింపు అంటే ఇప్పుడు చాలామందికి ముందు గుర్తొచ్చేవి ఈ మగవాళ్ళ సినిమాలూ, ఆ కోర్టు కేసూ. డబ్బు చేరేసరికి అది చరిత్ర అయింది. అంతకు ముప్పై అయిదేళ్ళ ముందు నుంచి ఆడవాళ్ళు లాభం లేకుండా చేసింది కాలక్షేపంగా మిగిలింది. సీరియల్ లోకానికి వస్తే, ఒక స్త్రీ కెప్టెన్‌గా ప్రధాన పాత్ర అయ్యేసరికి 1995 వచ్చింది. ఆమె ‘వాయేజర్’లో జేన్‌వే.

ఫ్యాన్‌జైన్లకి కనీసం ఇల్లు దొరికింది. అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాటిని భద్రంగా దాచింది. అభిమానులే నడుపుకునే కథాభాండారానికి వర్జీనియా వుల్ఫ్ ‘సొంత గది’ని తలపించే పేరు పెట్టుకున్నారు. దానికి 2019లో హ్యూగో పురస్కారం కూడా వచ్చింది.

స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం టేప్‌రికార్డర్ పట్టుకుని సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గరికి పోయింది. ఆ పుస్తకం 1986లో వచ్చింది. దాన్ని నా విద్యార్థులకి పాఠంగా చెప్తూ కూడా, నాకు కోదాడ పోవాలని తోచలేదు. పోయినేడు పోయాను. వదిన బట్టల కొట్లో కూర్చుని ఉంది. ఇంటర్‌తో చదువు ఆగింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. నోట్‌బుక్ సంగతి అడిగితే, ‘పెండ్లప్పుడు ఇల్లు సర్దుతుంటే పాత పేపర్లోనికి తూకానికి ఏసిండ్రు’ అంది. తర్వాత, ‘పీహెచ్‌డీ చేసినోళ్ళకి ఇదే పనా?’ అని నవ్వింది.

ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టాను. వ్యోమ్ జ్వరం తగ్గిందా అని అడిగాను.

‘తగ్గలే. తగ్గితే కుర్చీ అడుగుతడు గదా’ అంది. ఒక గిరాకీ వస్తే లేచి, జాకెట్టు ముక్కలు చూపించి, పైసలు లెక్కపెట్టుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. ‘ఆ పిల్లకి పేరు బెట్టలే అప్పుడు. ఆగు, చెప్తా.’