హాక్సన్ నిధి

హాక్సన్ నిధి ఇంగ్లాండులోని సఫోక్ కౌంటీలో, హాక్సన్ గ్రామం వద్ద 1992 నవంబరు 16న బయటపడిన రోమన్ కాలపు నిధి. బ్రిటన్‌లో ఇంతవరకు దొరికిన అంత్య రోమన్ యుగపు వెండి, బంగారు నిధులలో ఇది అతి పెద్దది. ప్రస్తుతం ఇది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

లభించిన విధం

పొలంలో పోయిన సుత్తిని లోహశోధక యంత్రంతో వెదుకుతున్న ఒక వ్యక్తికి ఈ నిధి కనిపించినది. అతడు కొన్ని వస్తువులు తీసిన తరువాత తవ్వడం ఆపి, అధికారులకు తెలియజేశాడు. మరునాడే పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, పెట్టెలో వస్తువులు అమర్చిన క్రమాన్ని గుర్తిస్తూ వెలికితీశారు.

నిధిలోని వస్తువులు

మొత్తం నాణేలు 14,865. వీటిలో బంగారు సాలిడస్‌లు 569, వెండి నాణేలు 14,272, కంచు నాణేలు 24. ఇవి కాక దాదాపు 200 ఆభరణాలు, వెండి సామగ్రి కలవు. వాటిలో నాలుగు మిరియాల పొడి పాత్రలు. ఆ కాలంలో రోమనులకు మిరియాలు భారతదేశం నుండి చేరేవి.

విలువ

1993లో ఈ నిధికి 17.5 లక్షల పౌండ్ల వెల కట్టారు. కనుగొన్న వ్యక్తి ఆ బహుమానాన్ని పొలం రైతుతో పంచుకున్నాడు.

సిలిక్వా అనే వెండి నాణేలలో దాదాపు అన్నింటికీ అంచులు కత్తిరించబడి ఉన్నవి. అటువంటి నాణేలకు సేకరణకర్తలు సాధారణంగా తక్కువ ధర ఇస్తారు. చరిత్రకారులకు మాత్రం ఆ కత్తిరింపే సాక్ష్యం. సామ్రాజ్యం నుండి కొత్త నాణేల రాక తగ్గినపుడు, ఉన్నవాటి అంచుల వెండితో స్థానికంగా అనుకరణ నాణేలు ముద్రించేవారు.

చిట్టచివరి నాణేలు క్రీ.శ. 407-408 నాటి మూడవ కాన్‌స్టాంటైన్‌వి కనుక నిధిని ఆ తరువాతనే పాతిపెట్టారని తెలుస్తున్నది. బ్రిటన్‌లో రోమన్ పాలన సుమారు 410లో ముగిసినది. నాణేలు విడివిడిగా అమ్ముడుపోయి ఉంటే ఈ కాలనిర్ణయం సాధ్యమయ్యేది కాదు.