మారిన విశ్వవిద్యాలయాలు, మారని ఊరు: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత పరిశోధకుల ఈ-మెయిల్ చిరునామాలు

కీలకపదాలు: జగ్గయ్యపేట, నందిగామ, కృష్ణా విశ్వవిద్యాలయం, ఈ-మెయిల్ మళ్లింపు, లేఖాసాహిత్యం

ఉపోద్ఘాతం

మనిషి ఉన్నచోటనే ఉండగా అతని చిరునామా మారిపోవడం కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి కొత్త కాదు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టక పూర్వం జగ్గయ్యపేటకు బేతవోలు అని పేరు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామలు రెండూ కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి చేరాయి. అయితే జిల్లా మారినా జగ్గయ్యపేట పిన్ కోడ్ 521175గానే, నందిగామ పిన్ కోడ్ 521185గానే నిలిచాయి. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ విధానం ఉత్తరాల బట్వాడాకోసం ఏర్పడింది. జిల్లా పేరు మారినంత మాత్రాన అది మారవలసిన అవసరం లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఈ-మెయిల్‌కు ఈ వెసులుబాటు లేదు. అది సంస్థ డొమైన్‌కు కట్టుబడి ఉంటుంది. సంస్థతో సంబంధం తెగితే చిరునామా కూడా తెగుతుంది. ఈ ప్రాంతపు పరిశోధకులకు ఈ స్థితి ఎలా సంక్రమించిందో, ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు ఉత్తరాలను పంపించే పద్ధతి దానికి ఎంతవరకు పరిష్కారమైందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఫార్వర్డింగ్ అనే ప్రక్రియను ఇక్కడ ‘మళ్లింపు’ అని వ్యవహరించడమైంది.

విశ్వవిద్యాలయాల వరుస

మద్రాసు విశ్వవిద్యాలయపు పరిధిలో ఉండిన కోస్తా కళాశాలలకు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అది మొదట బెజవాడలోనే ఆరంభమై తరువాత వాల్తేరుకు తరలింది. 1967లో గుంటూరులో దాని స్నాతకోత్తర కేంద్రం వెలిసింది. 1976లో ఆ కేంద్రమే నాగార్జున విశ్వవిద్యాలయానికి పునాది అయింది. 2004లో ఆ పేరుకు ముందు ‘ఆచార్య’ చేరింది. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడి జిల్లాలోని కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. ఒక్క ఉద్యోగకాలంలోనే రెండు విశ్వవిద్యాలయాల అనుబంధాన్ని చూసిన అధ్యాపకులు ఈ రెండు పట్టణాలలో ఉండడం సహజం.

దీనికి తోడు హైదరాబాదు–విజయవాడ రహదారి ఈ రెండు ఊళ్లమీదుగానే పోతుంది. తెలుగులో పరిశోధన చేయదలచినవారికి పడమటి దిక్కున ఉస్మానియా, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇవి ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాయి. తెలుగు విశ్వవిద్యాలయం పేరు సైతం 2025లో మారింది. ఎం.ఏ. ఒకచోట, పిహెచ్.డి. మరొకచోట, ఉద్యోగం ఇంకొకచోట అయిన వ్యక్తికి మూడు ఖాతాలు ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఏడాదికేడాది ఒప్పందం మారే అతిథి అధ్యాపకుల సంగతి ఇంకా క్లిష్టం. వ్యాసం అచ్చయ్యేనాటికి దాని కింద ఉన్న చిరునామా పనిచేస్తుందన్న హామీ వారికి లేదు.

మళ్లింపు: చరిత్ర, పరిమితి

కాగితపు ఉత్తరాల కాలంలో ఈ పని తపాలా బంట్రోతు చేసేవాడు. పాత చిరునామా కొట్టివేసి, కొత్తది పక్కన రాసి, కవరును తిరిగి సంచిలో వేసేవాడు. అతనికి మనిషి తెలుసు. ఈ-మెయిల్‌కు నియమాలను నిర్దేశించిన 1982 నాటి పత్రంలో కూడా ఈ ఆచారపు ఛాయ కనిపిస్తుంది. జాన్ పోస్టెల్ రూపొందించిన ఆ పత్రం సర్వర్లు పరస్పరం చెప్పుకోవలసిన జవాబులకు అంకెలు కేటాయించింది. 251 అంటే ఆ వ్యక్తి ఇక్కడ లేడు, ఉత్తరాన్ని మేమే పంపుతాము అని. 551 అంటే ఆ వ్యక్తి ఇక్కడ లేడు, ఫలానా చిరునామాకు మీరే పంపండి అని. 550 అంటే పెట్టె అందుబాటులో లేదు అని మాత్రమే.

ఆ పరస్పర విశ్వాసం తరువాతి కాలంలో నిలవలేదు. నకిలీ ఉత్తరాలు పెరిగాక, ఉత్తరం తెచ్చిన సర్వర్‌కు ఆ పంపినవారి తరఫున తెచ్చే అధికారం ఉందా అని పరీక్షించే ఎస్.పి.ఎఫ్. పద్ధతి వచ్చింది. 2012లో ప్రకటితమైన డిమార్క్ విధానం ఆ తనిఖీని మరింత బిగించింది. మళ్లింపుకు చిక్కు ఇక్కడే వచ్చింది. ఢిల్లీ నుండి ఒక సంపాదకుడు రాసిన ఉత్తరం గుంటూరు ఖాతాకు వచ్చి, అక్కడి నుండి మచిలీపట్నం ఖాతాకు మళ్లిందనుకుందాం. మచిలీపట్నం సర్వర్ దృష్టిలో ఆ ఉత్తరం తెచ్చినది గుంటూరు సర్వర్. ఢిల్లీ సంస్థ అనుమతించిన జాబితాలో దాని పేరు ఉండదు. డికిమ్ అనే సాంకేతిక ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే ఉత్తరం గట్టెక్కవచ్చు. లేకుంటే స్పామ్ అరలో పడుతుంది, లేదా తిరస్కృతమవుతుంది. రెండు ఖాతాలనూ ఒకదానికొకటి మళ్లించుకొనేవారూ లేకపోలేదు. అటువంటి ఉత్తరం అటూ ఇటూ తిరిగి, ఏదో ఒక సర్వర్ మజిలీలు లెక్కపెట్టి ఆపేదాకా ప్రయాణిస్తూనే ఉంటుంది.

ఇంతకన్న పెద్ద పరిమితి మరొకటి ఉంది. మళ్లింపు నియమం పాత ఖాతాలోనే ఉంటుంది. ఆ ఖాతాను మూసివేస్తే నియమమూ పోతుంది. 2022 జూలై నుండి గూగుల్ విద్యాసంస్థలకు అపరిమిత నిల్వను నిలిపివేసి, సంస్థ మొత్తానికి మౌలికంగా 100 టెరాబైట్ల ఉమ్మడి నిల్వను విధించిన తరువాత, ప్రపంచవ్యాప్తంగా అనేక విశ్వవిద్యాలయాలు పూర్వవిద్యార్థుల ఖాతాలను కుదించాయి. పైగా మళ్లింపు ఇకముందు రాబోయే ఉత్తరాలను మాత్రమే పట్టుకొంటుంది. పర్యవేక్షకుడు అధ్యాయాలపై రాసిన పాత సూచనలు, క్షేత్రపర్యటనలో పంపుకొన్న చిత్రాలు అది తెచ్చివ్వదు. వాటికోసం ఖాతా బతికి ఉండగానే ఐమ్యాప్ ద్వారానో, మొత్తం ఖాతాను దింపుకొనే సదుపాయం ద్వారానో సొంత ప్రతి తీసుకోవలసిందే. అలా దింపుకొన్నా పాత జోడింపులు యూనికోడ్‌కు ముందరి అను ఖతులలో ఉంటే, ఆ ఖతి లేని యంత్రంలో అవి తెలుగుగా కనిపించవు.

లేఖలు: సాహిత్యచరిత్రకు ఆధారాలు

ఈ నష్టం వ్యక్తిగతమైనదిగా పైకి కనిపించవచ్చు. కాని తెలుగు సాహిత్యచరిత్ర లేఖలకు ఎంత రుణపడి ఉందో ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. గురజాడ లేఖలు లేకుండా వ్యావహారిక భాషోద్యమ చరిత్రను, చింతా దీక్షితులుకు చలం రాసిన ఉత్తరాలు లేకుండా చలం జీవితాన్ని నేడు ఊహించలేము. సి.పి. బ్రౌన్ కృషిని పునర్నిర్మించిన బంగోరె ఆధారపడినది ప్రధానంగా పాత ఉత్తరాలు, దస్త్రాలపైనే. ఆ కాగితాలు అటకలమీదో, గ్రంథాలయాలలోనో మిగిలినందువల్లనే అది సాధ్యమైంది. రేపటి పరిశోధకుడికి నందిగామ అధ్యాపకుడి మూతపడిన ఇన్‌బాక్స్ ఆ విధంగా దొరకదు.

వ్యక్తిని గుర్తించే పనికి కొంత ప్రత్యామ్నాయం లేకపోలేదు. 2012లో ప్రారంభమైన ఆర్కిడ్ పదహారు స్థానాల గుర్తింపును సంస్థతో నిమిత్తం లేకుండా ఇస్తుంది. దానికి ఎన్ని చిరునామాలైనా జోడించవచ్చు, ఒకదానిని వదలి మరొకటి చేర్చవచ్చు. ఒక విధంగా అది పరిశోధకుడి పిన్ కోడ్. ఇందుకు భిన్నంగా గూగుల్ స్కాలర్ తన అన్వేషణలో రచయిత పుట కనిపించాలంటే సంస్థాగత చిరునామా ధ్రువీకరణను కోరుతుంది. ఫలితంగా అధ్యాపకుడు ఒకచోట సొంత ఖాతాను, మరొకచోట సంస్థ ఖాతాను ముందుపెట్టవలసి వస్తున్నది. అయితే ఆర్కిడ్ సైతం ఉత్తరాలను భద్రపరచదు, బట్వాడా చేయదు.

1982 నాటి నియమాలను సవరిస్తూ 2008లో వెలువడిన పత్రంలోనూ 251, 551 జవాబులు కొనసాగాయి. కాని కొత్త చిరునామాను అడిగినవారందరికీ వెల్లడించడం గోప్యతకు భంగమన్న కారణంగా సర్వర్లు వాటిని అరుదుగానే వాడుతున్నాయి. మూసివేసిన విశ్వవిద్యాలయ ఖాతాకు రాసినవారికి సాధారణంగా అందేది 550.