నీళ్ల కింద దారి

2022 జూలై, రెండో వారం. తెల్లవారుజామున నాలుగు. కనకాయలంకలో మీ ఇంటి అరుగు మీద నిలబడ్డారు. గాలిలో బురద వాసన. లోపల పురిటికి వచ్చిన చెల్లి మూలుగుతోంది. గర్భిణులని ముందే ఒడ్డుకి చేర్చమని అధికారులు నిన్ననే చెప్పి వెళ్లారు. ఇంకా పది రోజులుంది కదా, పొద్దున్నే తీసుకెళ్దాం అనుకున్నారు మీరు.

"ఒరేయ్, ఇంక ఆగేలా లేదురా," అంటోంది అమ్మ.

కొబ్బరితోట లోంచి రేవుకి పరుగెడతారు. మొన్నటి దాకా బళ్లు తిరిగిన కాజ్‌వే కనబడదు. టార్చి వేస్తే ఎర్రనీరు. అవతల చాకలిపాలెం దీపాలు, పిలిస్తే పలికేంత దూరంలో.

ఇది ఇక్కడి వాన నీరు కాదు. ఎగువన గోదావరిలో పడ్డ వాన భద్రాచలం దాటి, దిగువన శబరిని కలుపుకుని, ధవళేశ్వరం బ్యారేజీ గేట్ల కింద నుంచి వశిష్ఠ పాయలోకి వస్తోంది. రాత్రంతా ఫోన్లో మీరు వెతికింది ధవళేశ్వరం నీటిమట్టమే. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. ఆసుపత్రి ఉన్న పాలకొల్లు ఎంత దూరమంటే మామూలు రోజుల్లో కిలోమీటర్లు చెబుతారు. వరద రోజుల్లో ఈ అడుగులే చెబుతారు.

మీ మండలం యలమంచిలి, జిల్లా పశ్చిమ గోదావరి. కానీ ఆ వైపు వెళ్లాలంటే పెద్ద పాయ అడ్డం. మీకున్న దారి కోనసీమ జిల్లా వైపు తెరుచుకునే ఈ కాజ్‌వే. చాకలిపాలెంలో ఒడ్డెక్కాలి. కోనసీమ మీదుగా దిండి దాకా పోవాలి. చించినాడ వంతెన మీద మళ్లీ వశిష్ఠ దాటాలి. అప్పుడు గానీ పాలకొల్లు రాదు. డాక్టర్లున్నది అక్కడ.

తెల్లారేదాకా ఆగుదామా? చీకట్లో పడవెక్కిద్దామా? ఒడ్డున గుచ్చిన పుల్ల వైపు చూస్తారు. గంట కిందట జానెడు పైకి ఉంది. ఇప్పుడు లేదు.

"ఎక్కించెయ్యండి బాబూ," అంటాడు సరంగు. "తెల్లారేసరికి లాగుడు ఇంకా పెరుగుద్దండి."

చెల్లిని మంచం మీదే మోసుకొచ్చి పడవలో దించుతారు. లైఫ్ జాకెట్ తొడుగుతారు. కడుపు మీద బకిల్ అందదు. మీ తువ్వాలుతో కలిపి కడతారు. అమ్మ తల పట్టుకుంది.

ఇంజిన్ అందుకుంది. నది మధ్యకి వచ్చారు. చప్పుడు మారింది. నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి.

గుర్రపుడెక్క. ఫ్యానుకి చుట్టుకుంది. ఇంజిన్ ఆగింది.

పడవ పక్కకి తిరిగింది. కిందకి పోతోంది.

"గెడ! గెడ వెయ్యండి!"

వేశారు. అందలేదు. మళ్లీ వేశారు.

ఠంగుమంది.

రాయి. కాజ్‌వే. మీ ఊరి రోడ్డు మీ కిందే ఉంది. బలమంతా పెట్టి నొక్కుతారు. అరచెయ్యి చీరుకుపోయింది. పడవ ఆగింది. సరంగు వంగాడు. కత్తి. కోశాడు. తాడు లాగాడు. ఒకసారి. రెండుసార్లు.

ఇంజిన్ పలికింది.

"అన్నయ్యా," అంటోంది చెల్లి. చీరిన ఆ చేతినే అందిస్తారు. గట్టిగా పట్టుకుంది.

ఒడ్డున 108 దీపం తిరుగుతోంది. నలుగురు మోకాలి లోతు నీళ్లలోకి దిగి మంచం అందుకున్నారు. వారం తిరక్కుండానే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటుతుందని మీలో ఎవరికీ తెలీదు. ఒక్కటి మాత్రం ఇప్పుడు మీకు బాగా తెలిసింది. గెడకి తగిలిన ఆ రోడ్డు నీటికి పైన ఉండుంటే, చెల్లి ఈపాటికి ఆసుపత్రిలో ఉండేది.

సరంగు పడవ వెనక్కి తిప్పుతున్నాడు.

"కాసేపు ఆగి వెళ్లవయ్యా."

"అవతల రేవులో ఇంకా ఆరుగురున్నారండి."

మీరు లెక్కపెట్టి చూస్తారు. లంక చీకట్లో, రేవు దగ్గర, ఆరు టార్చిలు.