డబ్బాలో పడే దుమ్ము, పడని దుమ్ము



కొన్ని పెద్ద సైట్లలో కంచె దగ్గర స్టాండు మీద మూత లేని డబ్బా ఒకటి పెడతారు. నెలకోసారి తీసుకపోయి కొత్తది పెడతారు. అది పైనుంచి రాలే దుమ్మును కొలిచే డబ్బా. దాని వెనక వందేళ్ల కథ ఉంది, మనం తెలుసుకోవాల్సిన కథ.

అప్పట్లో లండన్‌లో ఇంటింటికీ బొగ్గు పొయ్యి, ఎటు చూసినా ఫ్యాక్టరీ పొగగొట్టాలు. మసి పడుతోందని అందరూ తిట్టుకునేటోళ్లే గానీ, ఎంత పడుతోందో లెక్క లేదు. లెక్క లేకుంటే ఎవరిని నిలదీస్తాం? 1912లో అక్కడ గాలి కాలుష్యం మీద కమిటీ వేశారు. వాతావరణ శాస్త్రవేత్త నేపియర్ షా దానికి పెద్ద. పనిముట్టు చాలా సాదాది: పైన పెద్ద గరాటు, కింద సీసా. నెలంతా పడ్డ వాన, మసి, బూడిద అందులో చేరేది. వడగట్టి, ఆరబెట్టి, తూకం వేసి, చదరపు మైలుకు నెలకు ఇన్ని టన్నులు అని రాసేవాళ్లు. 1914 నుంచి వేరే వేరే ఊర్లలో ఒకే రకం గరాటు పెట్టారు. దాంతో ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చే వీలు దొరికింది.

అయినా 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను పొగమంచు కమ్మేసింది. అప్పటి లెక్కలోనే సుమారు 4,000 మంది చనిపోయారు. ప్రాణాలు తీసింది గరాటులో రాలే బరువు మసి కాదు, గాలిలో తేలే సన్న పొగ, గంధకం వాయువు. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చారు.

డబ్బా మాత్రం పోలేదు. దక్షిణాఫ్రికా 2013లో దాని మీదే రూలు పెట్టింది: 30 రోజుల సగటున చదరపు మీటరుకు రోజుకు, ఇండ్ల దగ్గర 600 మిల్లీగ్రాములు, మిగతా చోట్ల 1,200 దాటొద్దు.

మంచిదే. కానీ ఆ లెక్క కంచె బయట ఉన్నోళ్ల కోసం. మనం ఉండేది కంచె లోపల. కాంక్రీటు కోసినా, గ్రైండింగు పట్టినా లేచే సిలికా సన్న దుమ్ము కంటికి ఆనదు, తొందరగా కిందికి రాలదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని కొలవాలంటే మనిషి కాలరుకే చిన్న పంపు గొట్టం తగిలించాలి. అమెరికా 2016లో పెట్టిన హద్దు: 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు.

కాబట్టి డబ్బా లెక్క బాగుందని ఎవరన్నా చెప్తే సంతోషమే. మన కాలరు దగ్గర లెక్క ఎంత అని కూడా అడుగుదాం. అప్పటిదాకా నీళ్లు పట్టకుండా ఒక్క కటింగు కూడా మొదలుపెట్టొద్దు.