హిందూ మహాసముద్రముపై మసిపొర

పొయ్యిలోని పొగ ఇంటికప్పును దాటి ఆకాశములో కలసిపోవుట మన మెల్లరము చూచుచుందుము. కాని కలసిపోవుట వేరు, నశించుట వేరు. పొగలోని సన్నని మసికణములు, బొగ్గు, నూనెలు కాలుటచే పుట్టు గంధకపు కణములు గాలిలో తేలుచు దినముల తరబడి ప్రయాణము చేయును. ఇట్లు గాలిలో తేలియాడు ఘన, ద్రవ కణములనే శాస్త్రజ్ఞులు ఏరొసాల్ అందురు.

ఇవి భూమిని చల్లబరచునా, వేడిచేయునా? 1971లో రసూల్, ష్నైడర్ అను శాస్త్రజ్ఞులు, ఈ కణములు పెరిగినచో సూర్యరశ్మిని వెనుకకు త్రిప్పి భూతలమును చల్లబరచునని లెక్క కట్టిరి. గంధకపు కణముల విషయమున ఇది నిజమే. అవి వెలుగును చెదరగొట్టును. కాని మసి నల్లనిది. నల్లని గుడ్డ ఎండలో త్వరగా వేడెక్కునట్లే, మసి సూర్యరశ్మిని పీల్చుకొని తన చుట్టునున్న గాలిని వేడిచేయును.

ఈ విషయమును ప్రత్యక్షముగా పరిశీలించుటకు 1999 జనవరి నుండి మార్చి వరకు ఇండోయెక్స్ అను అంతర్జాతీయ పరిశోధన జరిగినది. భారతదేశమున జన్మించిన వీరభద్రన్ రామనాథన్, నోబెల్ బహుమానము నందిన పాల్ క్రూట్జన్ దీనికి నాయకత్వము వహించిరి. ఓడలు, విమానములు, ఉపగ్రహములు, మాల్దీవులలోని పరిశీలనశాల ఇందుకు తోడ్పడినవి. సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు వరకు వ్యాపించిన గోధుమరంగు పొర యొకటి దక్షిణాసియా నుండి సముద్రముపైకి సాగి, భూమధ్యరేఖను దాటి కనిపించినది. శీతకాలమున గాలి ఈశాన్యము నుండి, అనగా నేల నుండి సముద్రమువైపు, వీచును. అప్పుడు కణములను కడిగివేయుటకు వానలును అరుదు. పొర అంత దూరము పోవుటకు కారణ మిదియే.

ఆ పొర క్రింద సముద్రమును చేరు వెలుగు తగ్గినది. తగ్గిన వెలుగులో ఎంత వెనుకకు మరలినది, ఎంత గాలిలో వేడిగా మారినది? దీనిని తేల్చుటకు పొరకు పైన, లోపల, క్రింద ఏకకాలమున కొలువవలెను. 2006 మార్చిలో మాల్దీవులలోని హనిమాధూ ద్వీపమునుండి మూడు చిన్న విమానములను, చోదకులు లేకుండ, ఒకదానిపై నొకటిగా నడిపిరి. ఇట్టి ప్రయాణములు 18 జరిగినవి. పొరలోనికి నికరముగా ప్రవేశించిన వెలుగునుండి క్రిందికి దిగిపోయిన వెలుగును తీసివేసినచో, పొర పీల్చుకొన్నది తేలును. విద్యార్థులు చేయు తీసివేత లెక్క యిదియే! క్రింది వాతావరణమునకు సూర్యునివలన కలుగు వేడిమి ఈ పొర కారణముగా సుమారు 50 శాతము పెరిగినదని 2007లో 'నేచర్' పత్రిక ప్రకటించినది. హిమాలయ ప్రాంతపు వేడిమికి ఇదియు నొక కారణము కావచ్చునని ఆ పరిశోధకులు సూచించిరి.

ఇందులో ఒక ఆశ, ఒక హెచ్చరిక కలవు. బొగ్గుపులుసు వాయువు శతాబ్దముల తరబడి నిలుచును. మసి కొద్ది దినములలోనో, వారములలోనో నేలకు దిగును. కావున మసిని ఆపినచో ఫలితము త్వరగా కనబడును. మన ఊపిరితిత్తులకును మేలు. కాని చల్లబరచు గంధకపు కణములను మాత్రమే తొలగించినచో, అవి ఇంతవరకు కప్పిపుచ్చిన వేడి బయటపడును. అందుచే మసిని, బొగ్గుపులుసు వాయువును కూడ తగ్గించుట అవసరము.